ఇంటూ మార్కుల దుకాణం

లెక్కల మాస్టారు నా పేపరు నిండా పెట్టిన ఇంటూ మార్కుల మీద కసి కాబోలు, క్రాస్‌స్టిచ్ అంటే నాకు చచ్చేంత ఇష్టం. నవలలు రాసుకుంటూనే, పాతబస్తీ లాల్‌దర్వాజాలో మా ఇంటి వీధిగదిని చిన్న దుకాణం చేశాను. నవ్వకండి. గోడకెక్కిన మొదటి సరుకు పదంగుళాల నెమలి. గుడ్డ, దారం, ఫ్రేము ఖర్చులొస్తే చాలుననుకుని నాలుగు వందలని చీటీ అంటించాను.

పక్క వాటాలో జర్దోజీ మగ్గం మీద వంగి పనిచేసుకునే ఖాలా వచ్చి చూసింది. "కళ్ళ కూలి ఏదీ, బేటీ?" అంది.

ఆ రాత్రి లెక్క కట్టాను, నాకు రాని విద్యే అయినా. అంగుళానికి 14 గళ్ళ మ్యాటీ గుడ్డ. ఎక్కడా ఖాళీ వదలకుండా కుట్టాను కనక మొత్తం 19,600 ఇంటూలు. ఒక్కోదానికి రెండు కుట్లు. అమ్మో! మూడు నెలల మధ్యాహ్నాలు! చీటీ మార్చి మూడు వేలు రాశాను.

వచ్చినవాళ్ళు నెమలిని మెచ్చుకుని, చేతిరుమాళ్ళు కొనుక్కుని వెళ్ళిపోతున్నారు. కాస్త తగ్గించవోయ్ అంటారు మావారు.

"తగ్గించకు," అంటుంది ఖాలా, సూది ఆపకుండానే. ఆవిడ కూలి మాత్రం ఇప్పటికీ సేటు చెప్పినంతే. ఆ మాట నేనెత్తితే చాలు, దారం తెగిందంటూ తల వంచేసుకుంటుంది.