తోలుపనియందు ఎంజైములు

మా తాతగారు తంగేడుచెక్కతో తోళ్లు ఊనువారు. దుర్గంధము మిషగా ఊరివారు ఆయనను దూరముగా నుంచిరి. కావున రసాయనశాస్త్రమున నన్ను మిక్కిలి యాకర్షించిన వృత్తాంతము తోలుపనికి సంబంధించినదే.

ఐరోపాలోని కార్ఖానాలలో పూర్వము సున్నపుతొట్టినుండి తీసిన తోళ్లను మెత్తపఱచుటకు, వెచ్చని నీటిలో కుక్కమలము కలిపి, అందు నానవేయుచుండిరి. ఆ తొట్టిలో చేతులుంచి పనిచేసినవారిని తలంచుడు! అచ్చట పనిచేయునవి మాంసకృత్తులను విడగొట్టు ఎంజైములే యని జర్మను శాస్త్రజ్ఞుడు ఓట్టో రోమ్ గ్రహించి, 1907 ప్రాంతమున పశువుల క్లోమగ్రంథినుండి అట్టివానిని తీసి వాడెను. ఎంజైము తాను వ్యయముగాక చర్యను త్వరపఱచును. కావున కొంచెమే చాలును. వేడి మించెనా, చెడును.

1913లో ఆయన ఈ ఎంజైములను బట్టలుతుకు పొడిలోను చేర్చెను. నాకు మాత్రము మొదటి పనియే గొప్పగా తోచుచున్నది: పనివాండ్ర చేతులకు కుక్కమలము క్రమముగా తప్పినది.