నోటి మీద వేలు లేని నిశ్శబ్దం

చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో. మన బడుల్లో నిశ్శబ్దమంటే తరతరాలుగా ఇదే. బల్ల మీద బెత్తం చప్పుడు కాగానే క్లాసంతా గప్‌చిప్ అవుతుంది. అప్పుడు పిల్లల కళ్లు చూడండి. అన్నీ సారు చేతి మీదే ఉంటాయి, అది ఎటు లేస్తుందోనని. సూది పడ్డా వినపడేంత నిశ్శబ్దం అంటాం గానీ, ఆ భయంలో ఉన్న పిల్లకు సూది పడ్డదీ వినపడదు, పాఠమూ వినపడదు.

చిన్నపిల్లల క్లాసులో నేను కోరుకునే నిశ్శబ్దం వేరు. ఇప్పుడందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నారు. మనవైపు జనానికి ‘శ్వాస మీద ధ్యాస’ అంటే తొందరగా అర్థమవుతుంది. బోధన్‌లో పుట్టిన ధ్యానగురువు సుభాష్ పత్రీజీ ఆ మాటను ఊళ్లలోకి తెచ్చారు. అయితే మూడో తరగతి పిల్లలతో శ్వాస దగ్గర మొదలుపెట్టడం కష్టం. ఊపిరి గమనించమంటే బుగ్గలు ఉబ్బించి ఎగబీలుస్తారు. పక్కవాడు కిసుక్కున నవ్వుతాడు. అంతే, అక్కడితో సరి. ఆ వయసుకు ముక్కు కన్నా చెవి దగ్గర.

అందుకే హుస్నాబాద్‌లోని మా బడిలో గంటతో మొదలుపెట్టాం. తాడుకు వేలాడే ఇనుప ముక్క అది. దాన్ని ఒక్కసారి గట్టిగా కొట్టి, ‘మోత పూర్తిగా ఆగిందనుకున్నోళ్లు చెయ్యెత్తండి’ అంటాను. కొందరు కొట్టీ కొట్టకముందే ఎత్తేస్తారు. కొందరు పక్కవాడిని చూసి ఎత్తుతారు. కొన్నాళ్లకు చేతులు ఆలస్యంగా లేవడం మొదలవుతుంది. ‘ఆగింది సార్’ అని ఒకడంటే, ‘ఇంకా ఉన్నది సార్, సన్నగ ఉన్నది’ అని వెనక వరసలోంచి ఒక పిల్ల. గంట మోత ఆగిన తర్వాత అసలు పని. ఇంకేం వినపడుతున్నాయో వినమంటాను. ఆర్టీసీ బస్సు హారన్. పక్క క్లాసులో ఎక్కాలు. వంటామె గంజు మీద మూత పెట్టిన చప్పుడు. ఆ చప్పుడును అందరికన్నా ముందు పట్టేవాళ్లెవరో నాకు తెలుసు, పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లు.

ఒకరోజు ఒక పాప, ‘నా కడుపుల సప్పుడైతున్నది సార్’ అంది. క్లాసు నవ్వింది. వాళ్లమ్మ తెల్లారకముందే పత్తి ఏరడానికి పోయింది. పాప ఏమీ తినకుండానే బడికొచ్చింది. మధ్యాహ్న భోజనం గంట ఎంతో దూరాన ఉంది. మనసు నిలపడం గురించి మాట్లాడే మనం ముందుగా అడగాల్సింది పిల్ల తిన్నదా లేదా అనే. రాగిజావ పోసిన రోజు క్లాసు వేరుగా ఉంటుంది, పోయని రోజు వేరుగా ఉంటుంది. ఆకలిని గమనించడం నేర్పి ఊరుకుంటే అది చదువూ కాదు, దయా కాదు.

మైండ్‌ఫుల్‌నెస్‌కు ఇప్పటి రూపం ఇచ్చినాయన జాన్ కబాట్ జిన్. 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడేవాళ్ల కోసం తరగతులు మొదలుపెట్టాడు. ఆయన తీసుకున్నది బౌద్ధుల నుంచే. బౌద్ధం మన ఉత్తర తెలంగాణకు కొత్త కాదు, ధూళికట్ట స్తూపమే సాక్షి. అంతకన్నా పాత కథ బౌద్ధ గ్రంథం సుత్తనిపాతంలో ఉంది. గోదావరి ఒడ్డున, అస్సక దేశంలో బావరి అనే గురువు ఉండేవాడు. నిర్మల్ జిల్లా బాదనకుర్తే ఆ చోటని కొందరు చరిత్రకారుల మాట. వయసు మీదపడ్డ ఆ గురువు, తన ప్రశ్నలకు జవాబులు తెలుసుకోవడానికి పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడు. వాళ్లలో అజితుడు, మనిషిని లాక్కుపోయే ప్రవాహాలకు అడ్డుకట్ట ఏదని అడిగితే, బుద్ధుడు ఎరుక అనే అర్థంలో జవాబు చెప్పాడని ఆ గ్రంథం చెబుతుంది. నాకు ఇందులో ఎక్కువ ఇష్టమైనవాడు బావరి. తనకు తెలియనిది ఉందని ఒప్పుకుని, పోయి అడిగి రమ్మని శిష్యులను పంపిన పంతులు. ఎరుక మన నేలకు అడిగే పిల్లల వెంట నడిచొచ్చింది.

బడుల్లో ఇలాంటి మౌనం కొత్తేమీ కాదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషీవ్యాలీ బడిలో పిల్లలు సాయంత్రం పూట మౌనంగా కూర్చుని పొద్దు గుంకడం చూస్తారు. దాన్ని అస్తాచల్ అంటారు. ఢిల్లీ ప్రభుత్వం 2018 జులైలో నర్సరీ నుంచి 8వ తరగతి దాకా హ్యాపీనెస్ పాఠాలు పెట్టి, దానికే ఒక పీరియడ్ ఇచ్చింది. మాకు అంత వెసులుబాటు లేదు. ప్రార్థన అయ్యాక పుస్తకాలు తీసేలోపు దొరికే రెండు మూడు నిమిషాలే మా సొంతం. అవి చాలు కూడా. ఏడేళ్ల పిల్లను అంతకన్నా ఎక్కువసేపు కదలకుండా కూర్చోబెడితే మళ్లీ బెత్తం దగ్గరికే వస్తాం.

నిజానికి మా పిల్లలకు మనసు నిలపడం బొత్తిగా తెలియని విద్య కాదు. దసరా సెలవుల ముందు బడిలో బతుకమ్మ పేర్చేటప్పుడు చూడాలి. గునుగు కాడలు ఒక్క ఎత్తున కత్తిరించాలి, కట్టలు కట్టి రంగులో ముంచాలి. తంగేడు వరుస మీద గునుగు వరుస ఎక్కుతుంటే మధ్యలో ఆకులూ తుంచిన కాడలూ నింపుతూ పోవాలి, లేకపోతే కుంగిపోతుంది. కూడికల లెక్క దగ్గర నిమిషం కుదురుగా కూర్చోని పిల్లగాడు అక్కడ తల ఎత్తడు. ‘అటు వంగుతున్నది, ఇటు రెండు పూలు వెట్టు’ అని అక్కలకే చెబుతాడు. వాడికి ఏకాగ్రత లేదని ప్రోగ్రెస్ కార్డులో రాయడానికి నాకు చెయ్యి రాదు.

కొన్ని జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెబుతాను. కళ్లు మూసుకోమని బలవంతం చేయొద్దు. తండ్రి తాగొచ్చి కొట్టే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు కళ్లు మూస్తే రాత్రి జరిగిందే కనపడుతుంది. తెరిచే ఉంచనీయండి, నేల వంక చూడమనండి, వద్దంటే బొమ్మ వేసుకోనీయండి. మా క్లాసులో ఎల్లమ్మకు బోనమెత్తే ఇళ్ల పిల్లలున్నారు, రంజాన్‌కు ఉపవాసముండే ఇళ్ల పిల్లలున్నారు, ఆదివారం చర్చికి పోయేవాళ్లున్నారు. గంట మోత, గాలి, ఊపిరి అందరివీ. వాటికి ఒక మంత్రమో దేవుడి పేరో తగిలిస్తే ఎవరో ఒక పిల్ల బయట నిలబడాల్సి వస్తుంది. ఇక అల్లరి చేసినవాడిని ‘పోయి మూలకు కూర్చుని ఊపిరి చూసుకో’ అని పంపడం ఉందే, అది గోడకుర్చీకి కొత్త పేరు.

ఇక ఫలితాల మాట. బ్రిటన్‌లో 80కి పైగా బడుల్లో, 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు 8 వేల మందికి పైగా పాల్గొన్న మిరియడ్ పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు విన్న పిల్లల మానసిక ఆరోగ్యం మామూలు పాఠాలు విన్నవాళ్ల కన్నా మెరుగుపడలేదు. చాలామంది ఇంటి దగ్గర సాధన చేయనే లేదట. మా పిల్లల కన్నా పెద్దవాళ్లు వాళ్లు, బడులు వేరు, అయినా ఈ ఫలితాన్ని పక్కన పెట్టకూడదు. మైండ్‌ఫుల్‌నెస్ సర్వరోగ నివారిణి అని చెప్పేవాళ్లను నమ్మొద్దు. అదే పరిశోధనలో టీచర్ల అలసట మాత్రం కొంత తగ్గింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. గంట మోత చివరిదాకా వినాలంటే ముందు నేను ఆగాలి. నేను ఆగిన రోజు క్లాసులో నా గొంతు లేవదు. నా గొంతు లేవని రోజు పిల్లలు తప్పు జవాబైనా ధైర్యంగా చెబుతారు.

అయితే ఐదు తరగతులనూ ఒక్కరే చూసుకునే బడులున్నాయి. ముఖ గుర్తింపు హాజరు, భోజనం లెక్కలు, ఆన్‌లైన్ వివరాలు అన్నీ ఆ ఒక్కరే చూడాలి. ఆ మనిషికి ఊపిరి తీసుకునే తీరిక ఇవ్వకుండా పిల్లల చేత ఊపిరి గమనింపజేయమంటే జరిగే పని కాదు. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో ఒక అరగంట టీచర్లనే కూర్చోనివ్వండి, వాళ్ల మాట వినండి. తర్వాత పిల్లల దగ్గరికి ఈ సాధనను వాళ్లే తీసుకుపోతారు. దీనికి మార్కులు వద్దు, రిజిస్టర్ వద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కళ్లు మూసుకున్న పిల్లల ఫొటోలు అసలే వద్దు.