వాకిలి కొలువక పెట్టిన ముగ్గు



ముగ్గు పెట్టబోవు ఇల్లాలు మొదట వాకిలిని కంటితో కొలుచుకొనును. ఎన్ని చుక్కలు పట్టునో, ఎన్ని వరుసలు వచ్చునో తలపోసిన పిమ్మటనే పిండి చేతికి తీసికొనును. ఈపాటి వివేకము చిన్ననాటనే కలిగియుండియు, కంప్యూటరునకు ఒక ప్రోగ్రాము వ్రాయునపుడు నేను దానిని మరచితిని. అందువలన ఒక పెద్దామె మనస్సు నొచ్చినది. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను బడికి పోయి చదివినదానను కాను. మా నాయనగారు ఇంటనే అమరమును, రఘువంశమును, భాగవతమును చెప్పిరి. మావారు ఉపాధ్యాయులు. వారు పిల్లలకు పైథాన్ భాష బోధించుటకై సిద్ధపడుచుండగా ప్రక్కన కూర్చుండి నేనును నేర్చుకొంటిని. వ్యాకరణ సూత్రములు వల్లించిన నోటికి ఆ భాషా నియమములు అంత కొరుకుడుపడనివిగా తోచలేదు.

మా వీధి స్త్రీల పొదుపు సంఘమునకు లెక్కలు వ్రాసికొనుటకై, టికింటర్ అను ఉపకరణముతో ఒక చిన్న ప్రోగ్రాము కూర్చితిని. మా యింటి కంప్యూటరు తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నవి. ఈ చుక్కలనే పిక్సెళ్లందురు. ఆ తెరను చూచుకొని నా కిటికీకి 1200 చుక్కల వెడల్పును, 900 చుక్కల ఎత్తును నిర్ణయించితిని. అందము చెడరాదని, దాని పరిమాణమును ఎవ్వరును మార్చుటకు వీలులేకుండ బిగించితిని కూడ. లెక్కను భద్రపరచు ‘సేవ్’ మీటను అన్నిటికంటె అడుగున నుంచితిని.

సంఘమువారి కంప్యూటరు పాతది. దాని తెర అడ్డము 1366, నిలువు 768. వెడల్పు సరిపోయినది గాని, ఎత్తులో 132 వరుసలకు తెరపై చోటే లేదు. అడుగుననుండు టాస్క్‌బారు మరికొంత కప్పివేసినది. లెక్కలు వ్రాయు పిన్నిగారు మధ్యాహ్నమంతయు కూర్చుండి అందరి చెల్లింపులను ఎక్కించి, మీటకై వెదకి వెదకి, తుదకు పైమూలనున్న గుర్తును నొక్కి కిటికీని మూసివేసిరి. ఒక్క అంకెయైనను మిగులలేదు. చీటీలు చేతనుండుటచే లెక్క పోలేదు గాని, ఆమె ధైర్యము పోయినది.

మరునాడు ఆమె మా యింటికి వచ్చి, “చదువు చాలనిదాన్ని అమ్మాయీ! నా చేతిలోనే ఏదో దోషమున్నది. ఇకమీదట నీవే వ్రాసుకో, నన్ను విడిచిపెట్టు” అని తల వంచుకొనిరి. నేను వెంటనే పోయి ఆ తెరను చూచితిని. చూచినంతనే సిగ్గుపడితిని. బలిచక్రవర్తి వామనుని కంటితోనే కొలిచి, మూడడుగులే గదా యనుకొనెను. నేను మా యింటి తెరను చూచి, లోకమందలి తెరలన్నియు నిట్టివే యనుకొంటిని.

తెర యెంతదో మనము ఊహింపనక్కరలేదు. అడిగిన అదియే చెప్పును. టికింటర్‌లో ‘విన్ఫో స్క్రీన్‌విడ్త్’ అని అడిగిన వెడల్పును, ‘విన్ఫో స్క్రీన్‌హైట్’ అని అడిగిన ఎత్తును తెలుపును. అయితే అది చెప్పునది తెర మొత్తము కొలత. టాస్క్‌బారు ఆక్రమించు చోటు అందులో చేరియే యుండును. కావున ఎత్తులో నూటికి ఎనుబది పాళ్లు మాత్రమే నా కిటికీకి వాడుకొంటిని. పాత తెరపై అది 614 చుక్కలాయెను. ఈ కొలతను ఒకసారి వ్రాసి దాచుకొనరాదు. ప్రోగ్రాము తెరచినప్పుడెల్ల మరల అడుగవలెను. నేడున్న తెర రేపుండునని నమ్మిక యేమి?

కిటికీని కుదించినంతమాత్రమున పని తీరలేదు. లోపలి సామాను పట్టవలెను గదా! టికింటర్‌లో ‘ప్యాక్’ అను పద్ధతి, ముందు వచ్చినవారికి ముందు పీట వేయును. చోటు చాలనప్పుడు తుదకు వచ్చినవారే నష్టపోవుదురు. అందుచే సేవ్ మీటనే మొదట అడుగున అమర్చి, మిగిలిన చోట లెక్కల పట్టికను పైకి క్రిందికి జరుపుకొనునట్లు చేసితిని. బిగించిన పరిమాణమును కూడ వదలు చేసితిని.

ఇంటికి వచ్చి మా తెరను అడుగగా మరియొక చిక్కు కలిగినది. 1920, 1080 అని చెప్పవలసినది 1536, 864 అని చెప్పినది! అసత్యమాడినదేమో యనుకొంటిని. తరువాత కారణము తెలిసినది. మావారి కన్నులకు సుఖముగా నుండుటకై విండోస్‌లో అక్షరములను నూటికి 125 వంతుల పెద్దవి చేసియుంటిమి. ఆ సంగతి నెరుగని ప్రోగ్రామునకు విండోస్ 1.25 చేత భాగించిన కొలతనే చెప్పి, దాని చిత్రమును తానే సాగదీసి చూపును. నిష్పత్తిని బట్టి కట్టినందున నా కిటికీ సరిపోయినది గాని, అక్షరములు మసకబారినవి. నా ప్రోగ్రామునకు ఈ హెచ్చింపు తెలియునని, కిటికీ పుట్టకమునుపే విండోస్‌కు విన్నవింపగా, నిజమైన కొలతయు, తేటయైన అక్షరములును లభించినవి.

పిమ్మట పిన్నిగారి యింటికి పోయి, “దోషము మీ చేతిది కాదు పిన్నిగారూ, నా కొలతది. మీకు మీట కనబడలేదనకండి, నేనే దానిని తెర వెలుపల పెట్టితిని” అని చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “అయితే పద, చూతము” అని లేచిరి. ఆనాటి చెల్లింపులన్నియు ఆమెయే ఎక్కించి, సేవ్ మీటను రెండుమారులు నొక్కి, మూసి తెరచి, అంకెలు నిలిచియున్నవని స్వయముగ చూచుకొనిరి. నేటికిని సంఘపు లెక్కలు ఆమె చేతివే.

అమ్మలారా! యంత్రము మీ మాట విననప్పుడు, ‘నాకు చదువు చాలదు’ అని తొందరపడి తలవంచకుడు. ఆ ముగ్గు పెట్టినవారు మీ వాకిలిని కొలిచిరో లేదో ముందు విచారింపుడు.