కొలత సైకిలా, కంపెనీ సైకిలా?

తారు రోడ్డు మీద దూరం కోసం, వేగం కోసం చేసిన సైకిల్‌ను రోడ్ బైక్ అంటారు. సన్నని టైర్లు, కిందికి వంపు తిరిగిన హ్యాండిల్, తేలికైన ఫ్రేము దాని గుర్తులు. దాన్ని సంపాదించుకోవడానికి రెండు దారులున్నాయి. కంపెనీ కొన్ని సైజుల్లో చేసి దుకాణానికి పంపినది కొనుక్కోవడం ఒకటి. ఒంటి కొలతలిచ్చి ఫ్రేము కట్టించుకోవడం రెండోది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వాళ్లకు ఈ ఎంపికలో ఇంకో లెక్క కూడా ఉంది. రోడ్ బైక్ సామాను దండిగా దొరికే హైదరాబాద్ కరీంనగర్‌కు సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్‌కు సుమారు 300. అందుకే ఒళ్లు, దారి, మరమ్మతు అనే మూడింటినీ కలిపి చూస్తేనే ఇక్కడ ఎంపిక కుదురుతుంది.

ఈ జిల్లాల్లో దశాబ్దాల పాటు మనిషే సైకిల్ కొలతకు ఒదిగాడు. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనేపట్‌లో అట్లాస్ 1951లో, లుధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. ఊరూరికీ చేరిన నల్ల సైకిల్ ఎక్కువగా 22, 24 అంగుళాల ఫ్రేముల్లోనే వచ్చేది. గనిలో డ్యూటీకి పోయే సింగరేణి కార్మికుడూ, క్యాన్లు కట్టుకుని పాలు పోసే రైతూ, సిరిసిల్ల నేత కార్మికుడూ ఆ రెండింటిలోనే ఒకటి ఎంచుకున్నారు. సీటు అందని పిల్లలు బారు కింది నుంచి కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నారు. అయితే ఆ సైకిల్ కొనడంలో సొంత ఎంపికకూ చోటుండేది. ఫ్రేము, రిమ్ములు, స్పోకులు విడివిడిగా వస్తే దుకాణంలో మెకానిక్ కూర్చి బిగించేవాడు. సీటు, క్యారియర్, స్టాండు, డైనమో కొనేవాడి ఇష్టం. ఫ్రేము కంపెనీది, కూర్పు కొన్నవాడిది. ఈ పద్ధతి నేటి రోడ్ బైక్‌కూ పనికొస్తుంది.

రోడ్ బైక్ దగ్గర కొలత ఎందుకంత ముఖ్యమో పొలంలో చూస్తే తెలుస్తుంది. నాగలి చేసే వడ్రంగి దున్నేవాడి ఎత్తు చూసి మేడి పెడతాడు. అది ఎక్కువైనా తక్కువైనా సాయంత్రానికి నడుం చెబుతుంది. రోడ్ బైక్ మీద ఒళ్లు గంటల తరబడి ఒకే భంగిమలో వంగి ఉంటుంది. శరీరం సైకిల్‌ను తాకేది మూడు చోట్ల: సీటు, పెడల్, హ్యాండిల్. ఈ మూడింటి మధ్య దూరాలే సైకిల్ అసలు సైజు. తప్పు కొలత పది కిలోమీటర్లలో బయటపడదు. వందో కిలోమీటరు దగ్గర మోకాలు, మెడ, అరచేయి దాన్ని బయటపెడతాయి.

కొలత తీసుకోవడం ఇంట్లోనే అవుతుంది. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడాలి. గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య నిలువుగా పెట్టి, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడితో పైకి నొక్కాలి. పుస్తకం పైఅంచు గోడను తాకే చోట పెన్సిల్‌తో గీత పెట్టి, నేల నుంచి ఆ గీత దాకా టేపుతో కొలవాలి. ఇది కాలి లోపలి కొలత. టూర్ డి ఫ్రాన్స్‌ను మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన సూత్రం ప్రకారం, ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లైతే సీటు ఎత్తు సుమారు 70.6. ఇది మొదటి అంచనా మాత్రమే. నాలుగు రోజులు తొక్కి కొద్దికొద్దిగా సరిచేసుకోవాలి. ఫ్రేములను పోల్చేటప్పుడు చూడాల్సినవి ఇంకో రెండున్నాయి. పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిల్ తిరిగే గొట్టం పైఅంచు దాకా నిలువు ఎత్తును స్టాక్ అంటారు, అక్కడికే అడ్డంగా ముందుకుండే దూరాన్ని రీచ్ అంటారు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో సమానమన్న హామీ లేదు కాబట్టి, సైజు పేరును పక్కన పెట్టి ఈ రెండు అంకెలే చూడాలి.

కంపెనీ సైకిల్ కొన్ని సైజులకే పరిమితం కావడానికి కారణం తయారీలో ఉంది. కార్బన్ ఫ్రేముకు ప్రతి సైజుకూ వేరే అచ్చు కావాలి, అచ్చు ఖర్చు పెద్దది. 1990లలో జెయింట్ కంపెనీ కోసం మైక్ బరోస్ రూపొందించిన టీసీఆర్ ఫ్రేములో పైబారు వెనక్కి వాలింది. సీటు గొట్టం, హ్యాండిల్‌ను పట్టే స్టెమ్ పొడవులు మార్చుకుంటే కొద్ది సైజులతోనే ఎక్కువ మందికి సరిపోయింది. ఈ సర్దుబాటే కంపెనీ సైకిల్ బలం. సీటు పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ జరుగుతుంది. స్టెమ్ 80 మిల్లీమీటర్ల నుంచి 120 దాకా దొరుకుతుంది. హ్యాండిల్ వెడల్పు, పెడల్‌ను పట్టే క్రాంకు పొడవు మార్చుకోవచ్చు. గేర్లు, బ్రేకులు, చక్రాలు కంపెనీ టోకుగా కొంటుంది కాబట్టి, అదే సామాను విడిగా కొన్నదానికన్నా మొత్తం సైకిల్ చౌకగా పడుతుంది. కొనేముందు ఎక్కి చూడొచ్చు. నచ్చకపోతే అమ్ముకోవడమూ తేలిక.

కొలతకు కట్టించే ఫ్రేము ఎక్కువగా స్టీలుతోనో టైటానియంతోనో వస్తుంది. గొట్టాలను కావలసిన పొడవుకు కోసి, కావలసిన కోణంలో అతికించవచ్చు, అచ్చు అక్కర్లేదు. మంచి స్టీలు గొట్టం గోడ చివర్లలో మందంగా, నడుమ సన్నగా ఉంటుంది. కొన్నింట్లో చివర 0.8 మిల్లీమీటర్లుంటే నడుమ 0.5 మాత్రమే. అతుకు దగ్గర బలం, మిగతా చోట తేలిక. స్టీలు ఫ్రేము విరిగినా అతికించవచ్చన్న మాట నిజమే. కానీ గేటుకు, ట్రాలీకి వెల్డింగ్ చేసే చోట ఇంత సన్నని గొట్టాన్ని అప్పగిస్తే అది కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్రత్యేకంగా చేయించిన సైకిల్ ఏం చేయగలదో 1972 అక్టోబరు 25న మెక్సికో సిటీలో లోకం చూసింది. ఎర్నెస్తో కొల్నాగో కట్టిన, ఆరు కిలోలైనా లేని సైకిల్ మీద ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. అది ఒకే మనిషికి, ఒకే గంటకు, నున్నని ట్రాక్‌కు చేసిన సైకిల్. కొలత సైకిల్ కోరుకునేవాళ్లకూ అంతే స్పష్టమైన అవసరం ఉండాలి. మరీ పొడవైనవాళ్లు, మరీ పొట్టివాళ్లు, కాళ్లకూ నడుముకూ పొంతన తక్కువ ఉన్నవాళ్లు, పాత గాయంతో వంగలేనివాళ్లు ఆ కోవలోకి వస్తారు. చిన్న ఫ్రేములో మామూలు పెద్ద చక్రం పెడితే మలుపులో కాలివేళ్లు ముందుచక్రానికి తగులుతాయి. ఎత్తు తక్కువున్న మహిళలకు ఇది నిజమైన ఇబ్బంది. అమెరికాలో జార్జీనా టెర్రీ 1985లో పెట్టిన సంస్థ ముందుచక్రాన్ని చిన్నది చేసి దీనికి పరిష్కారం చూపింది.

ఇక దారి సంగతి. రాజీవ్ రహదారి మీద నున్నని తారుంటుంది, లారీల రద్దీ కూడా ఉంటుంది. గ్రానైట్ క్వారీలకు పోయే ఊరిదారుల్లో కంకర తేలుతుంది. నిర్మల్ కొండల్లో మహబూబ్ ఘాట్, ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్ ఎక్కాలంటే తేలిక గేర్లు కావాలి. ముందు 39, వెనక 25 పళ్లున్న పాత రేసు గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 3.3 మీటర్లు పోతుంది. ముందూ వెనకా 34 పళ్లుంటే 2.1 మీటర్లే పోతుంది కాబట్టి ఎక్కుడు దారిలో మోకాలికి ఊరట. అలాగే 32 మిల్లీమీటర్ల టైరు పట్టే ఖాళీ ఫ్రేములో ఉండాలి. ఈ రెండూ కావాలంటే ఫ్రేము కట్టించనక్కర్లేదు. దూరప్రయాణాలకని చేసిన కంపెనీ మోడళ్లు చాలావాటిలో ఇవి ఉంటాయి.

మరమ్మతు దగ్గర చిన్న అంకెలే మనిషిని రోడ్డున పడేస్తాయి. నల్ల సైకిల్ 28×1½ టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, రోడ్ బైక్‌ది 622. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. నల్ల సైకిల్ ట్యూబు వాల్వు లావు; రోడ్ బైక్ రిమ్ములో సన్న వాల్వుకు పెట్టిన రంధ్రంలో అది దూరదు. జన్నారం దగ్గరో ఉట్నూరు దగ్గరో టైరు చీలితే ఊరి దుకాణంలో వెతికి లాభం లేదు. రెండు ట్యూబులు, పంపు, చైను లింకు సంచిలో ఉండాలి. ఊరి మెకానిక్ చేతిలో మాత్రం గొప్ప విద్య ఒకటుంది: రిమ్ము బెండు తీయడం. మామూలు స్పోకులతో అల్లిన చక్రమైతే ఆ విద్య రోడ్ బైక్‌నూ ఇల్లు చేరుస్తుంది. ఒక్క కంపెనీకే ప్రత్యేకమైన స్పోకులు, సీటు గొట్టాలు, ఇరుసులు ఉన్న సైకిల్‌కు అది అక్కరకు రాదు. కట్టించినదైనా కొన్నదైనా అందరూ వాడే కొలతల సామానుంటేనే ఇక్కడ మనుగడ.

వీటన్నిటినీ బట్టి వరుస ఇలా కుదురుతుంది. ముందు కొలతలు. వాటికి దగ్గరి స్టాక్, రీచ్ ఉన్న కంపెనీ ఫ్రేము దొరికితే, అందులో సరైన గేర్లు, టైరు ఖాళీ ఉంటే, అదే కొనాలి. మిగిలిన డబ్బు తగిన స్టెమ్, నప్పే సీటు, గట్టి చక్రాలు, తెలిసినవాళ్ల చేత ఫిట్టింగ్ కోసం ఖర్చు పెట్టాలి. ఎక్కువ మందికి ఈ దారి చాలు. ఏ కంపెనీ పట్టికలోనూ ఒళ్లు ఇమడకపోతే, ఎంత సర్దినా నొప్పి పోకపోతే, అప్పుడు కట్టించుకోవడం విలాసం కాదు, అవసరం. అలా కట్టించేవాళ్లు కూడా ముందు ఏడాదైనా ఒక మామూలు సైకిల్ తొక్కి ఉండాలి. ఏది తగ్గాలో, ఏది పెరగాలో ఫ్రేము కట్టేవాడికి చెప్పగలిగేది ఆ అనుభవమే. కుదిరిన సీటు ఎత్తు, సీటు నుంచి హ్యాండిల్ దాకా దూరం, స్టెమ్ పొడవు, క్రాంకు పొడవు రాసి పెట్టుకుంటే తర్వాత వచ్చే ఏ సైకిల్‌నైనా ఆ నాలుగు అంకెలకు సరిచేసుకోవచ్చు.