మా అవ్వ

మన పాఠశాల వార్షిక సంచికలలో మహనీయుల చరిత్రములు ఏటేట ముద్రింపబడుచునే యున్నవి. చక్రవర్తులు, భక్తులు, దేశసేవకులు, విజ్ఞానవేత్తలు మనకందఱకును పరిచితులే. పూర్వవిద్యార్థినగు నన్నొక వ్యాసము వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు నాకు తోచిన చరిత్రము వేఱు. ఆమెకు సంతకము చేయుట రాదు, వేలిముద్రయే వేయుచుండెను. బద్వేలులో మోదుగాకులతో విస్తళ్ళు కుట్టి యమ్మి, ఏడుగురు బిడ్డలను కని, నలుగురిని పెంచి పెద్దచేసిన మా అవ్వ యామె. ఆమె పేరిచ్చట వ్రాయను. ఊరిలో నామె నెవ్వరైనను పేరుపెట్టి పిలువగా నేను వినలేదు. విస్తరాకులవ్వ యనినచో చాలును, చిన్నపిల్లలు సైతము వచ్చి యిల్లు చూపుచుండిరి.

బద్వేలును చూడని చదువరులకు రెండు మాటలు. పడమట లంకమల, తూర్పున వెలిగొండలు, నడుమ సగిలేరు. ఏరన్న పేరే గాని యందు నీరు పాఱు దినములు తక్కువ. తక్కిన కాలమున ఇసుకలో చెలమ త్రవ్వి, ఊరెడు నీటిని చిప్పతో తోడి, గుడ్డతో వడియగట్టి కుండ నింపుకొనవలెను. ఒక కుండ నిండుటకు ఎంతసేపు పట్టునో మా తల్లులకు తెలిసినంతగా ఏ గడియారమునకును తెలియదు. అవ్వ మొదటి కోడి కూయగానే రెండు కుండలు తీసికొని ఏటికి పోవును. ఆమె తిరిగివచ్చి పొయ్యి ముట్టించు వేళకుగాని తూర్పు తెల్లబడదు.

సంగటి కెలికి దింపిన తరువాత ఆకుల పని మొదలగును. ఎండిన మోదుగాకులపై నీళ్ళు చిలుకరించి, మెత్తబడిన పిమ్మట ఒకదానిపై నొకటి చేర్చి, సన్నని పుల్లలతో గుండ్రముగా కుట్టవలెను. కుట్టినవానిని వంకర పోకుండ కడప బండ క్రింద నొత్తి పెట్టవలెను. నీళ్ళు మిక్కుటమైనచో ఆకు కుళ్ళును, తక్కువైనచో చిట్లును. పుల్ల లోనికి దిగునప్పుడు చేయు చిటుక్కను చప్పుడు మా యింటిలో వాన చినుకులవలె నెడతెగక వినబడుచుండెను. నిజమైన చినుకుల చప్పుడు మాకంతగా అలవాటు లేదు.

ఇక లెక్క యెట్లు? అంకెలు చదువరాని మనిషి నూఱు విస్తళ్ళ కట్టలను ఏనాడును తప్పకుండ ఎట్లు కట్టగలిగెనని చదువరులు ప్రశ్నింపవచ్చును. అవ్వ యొడిలో జపమాల యుండెడిది. విస్తరి కుట్టునంతసేపు ఒక మంగళవార్త జపము మెల్లగా చెప్పును. విస్తరి ముగియగానే ఒక పూస జరపును. పది పూసలకు పది విస్తళ్ళు. పరలోకజపపు పూస వచ్చినప్పుడు నడుము చాచి, పదింటిని సరిచేసి ప్రక్కన పెట్టును. ఐదు పదులు ముగిసిన అరకట్ట. రెండు మాలలకు కట్ట నిండును. జపమాల మొదటనుండు మూడు చిన్న పూసలకు కుట్టిన విస్తళ్ళను మాత్రము లెక్కలో చేర్చదు, అవి కొసరు. కట్టకు నూఱు, కొసరు ఆఱు. బద్వేలు చుట్టుపట్ల ఆఱు విస్తళ్ళు కొసరిచ్చు వ్యాపారి మఱియొకరు లేరనియు, ఆ యాఱింటి మర్మము కొనువారిలో నెవ్వరికిని తెలియదనియు మా అమ్మ నవ్వుచు చెప్పుచుండెను. హిందువుల పెండ్లిండ్లకును, ముస్లిముల విందులకును, మా గుడి పండుగకును ఒకటే లెక్క.

ఈ పద్ధతిని ఒక ఉపదేశి యాక్షేపించెనట. ప్రార్థనను బేరముతో కలుపరాదని ఆయన మాట. అవ్వ తలయెత్తకయే, "మాట నోటిది, పని చేతిది. రెంటికీ అడ్డమేముంది నాయనా?" అని మఱియొక పుల్ల గుచ్చెను. గుడి పండుగ విందునకు విస్తళ్ళు ఉచితముగా నిత్తువా యని యొకసారి గురువులే యడుగగా, "పూజకు పూలు ఊరికే ఇస్తా సామీ, విందుకు విస్తళ్ళు మాత్రం దుడ్డుకే" అనెను. ఆయన నవ్వి దుడ్డు ఇచ్చివేసెను. కొసరును పుచ్చుకొనెను.

ఆమె భక్తి ఎట్టిదో చెప్పుటకు ఒక సంగతి చాలును. పూర్వము దివ్యసత్ప్రసాదము స్వీకరింపదలచిన వారు అర్ధరాత్రి మొదలుకొని నీటిబొట్టయినను మ్రింగరాదు. మా సీమలో వేసవి రాత్రులెట్లుండునో, ఆ రాత్రి కడపట రెండు కుండల నీళ్ళు మోయుట యెట్లుండునో ఊహించుకొనుడు. నీళ్ళు నెత్తిమీద నుండగా నాలుక పిడచగట్టుకొని గుడికి పోయెడి దినములవి. 1953వ సంవత్సరమున పన్నెండవ పయస్ పోపుగారు నీళ్ళు త్రాగిన ఉపవాసము చెడదని శాసించిరి. ఆ వార్త మా ఊరి గుడిలో చదువబడినప్పుడు అందఱును సంతోషించిరట. అవ్వయు సంతోషించెను గాని, ఇంటికి వచ్చి, "తాగొచ్చునని చెప్పినారు, సరే. తెచ్చేదెవరో చెప్పలేదు" అనెనట. రోములో 1962 మొదలు 1965 వఱకు జరిగిన వాటికన్ మహాసభ తరువాత పూజ తెలుగులోనికి వచ్చెను. అంతకుముందు లత్తీను జవాబులను చెవితో విని, అర్థము తెలియకయే తప్పులేకుండ చెప్పుచుండిన అవ్వ, "ఇన్నేండ్లు నేను చెప్పింది దేవునికే తెలిసె, ఇప్పుడు నాకూ తెలిసె" అనెను.

ఆమె జీవితకాలమున రాజధానులు మాఱినవి. మద్రాసు నుండి 1953లో కర్నూలునకు, కర్నూలు నుండి 1956లో హైదరాబాదునకు ప్రభుత్వము తరలెను. 1928లో నేర్పడిన నెల్లూరు మేత్రాసనము నుండి 1976లో కడప వేఱుపడెను. ఇన్ని కదలినను ఆమె కూర్చుండిన పీట మాత్రము మా వసారాలోని కిటికీ ప్రక్కనుండి కదలలేదు.

ఆ పీట చుట్టును సాయంకాలము మా అమ్మయు, మేనమామలును కూర్చుండి కుట్టవలెను. అయితే అవ్వ యొక నియమము పెట్టినది. పాఠము గట్టిగా చదివి వినిపించువానికి కుట్టుపని మాఫీ. అందుచేత పుస్తకము కొఱకు పిల్లలు పోట్లాడుకొనుచుండిరి. బుడ్డి వెలుతురులో ఒకరు చదువ, తక్కినవారు కుట్టుచు విందురు. ఇట్లు నలుగురు బిడ్డల పుస్తకములు, వారి వెనుక మావియు, అవ్వ చెవులలో పడెను. ఎక్కము తప్పు చెప్పినచో చూడకయే పట్టుకొనును. అశోకుడు బాటల వెంట చెట్లు నాటించెనని నేను చదివినప్పుడు, "మన పోరుమామిళ్ళ దోవకు రానట్టుందే ఆ మారాజు" అనుట నాకింకను జ్ఞాపకము. ఆడపిల్లకింత చదువేల యని బంధువులు కొందఱు గొణిగినను మా అమ్మ యుపాధ్యాయురాలగుటకు ఈ నియమమే కారణము. అవ్వ వారితో వాదింపలేదు. చదువు మానినచో నాకు పాఠము వినిపించువారెవ్వరని మాత్రము అడిగెను.

1952వ సంవత్సరపు సంగతి వ్రాయకుండిన ఈ వ్యాసము సగమే యగును. వానలు వరుసగా తప్పి రాయలసీమ యంతటను కఱవు పడెను. ప్రభుత్వమువారు గంజి కేంద్రములు తెఱచిరి. మా తాతకు బండి కట్టు పని లేకపోయెను. అవ్వ బిడ్డలను వెంటబెట్టుకొని చెంబు చేతబట్టి వరుసలో నిలిచెను. ఆ వేసవిలో మూడేండ్ల పిల్లవాడు విరేచనములతో రెండు దినములు బాధపడి కన్ను మూసెను. సాయంకాలము సమాధి చేసిరి. మఱునాడు ఒక కలిగిన యింట పెండ్లి. ఐదు కట్టలకు బయానా పుచ్చుకొని యుండెను. ఆ రాత్రి అవ్వ పీటమీద కూర్చుండి కుట్టెను. మా అమ్మకు అప్పుడు పండ్రెండేండ్లు. నిద్రలో మేలుకొనినప్పుడెల్ల చిటుక్కు చిటుక్కను చప్పుడు వినబడుచుండెనట. పెండ్లివారు లెక్కించగా ఒక్కొక్క కట్టలో నూట యిరువదికి పైగా ఉండెను. అవ్వ లెక్క తప్పినది ఆ యొక్కసారియే. ఎక్కువైనవానిని వారు తిరిగి పంపిరి. అవ్వ వానిని మఱొకరికి అమ్మక అటుకపై పెట్టి యుంచెను.

ఈ సంగతి విన్నవారందఱును ఎంత యోర్పు, ఎంత యోర్పు అందురు. నాకామాట నచ్చదు. ఓర్పునకు ఎంచుకొనుట కొక దారి యుండవలెను గదా? మిగిలిన ముగ్గురికి మఱునాటి గంజి కావలసి యుండెను. బయానా అప్పటికే వ్యయమైపోయెను. "ఈ యొక్క రాత్రి నేను కుట్టెదను, నీవు పండుకొనుము" అని చెప్పువారు రాలేదు. వారి తప్పును కాదు, ఆ వీధిలో ప్రతి యింటను అదే కఱవు. అవ్వయు ఆ రాత్రిని గొప్పగా ఎన్నడును చెప్పుకొనలేదు. ప్రతి సంవత్సరము నవంబరు 2వ తేదీన మృతుల స్మరణ దినమున మూడు చిన్న సమాధులపై మూడు క్రొవ్వత్తులు వెలిగించి, అవి కాలువఱకు అచ్చటనే కూర్చుండును. ఒడిలో జపమాల యుండును, ఆకులుండవు. ఆమె చేతులు ఊరక యుండగా నేను చూచినది ఆ దినమున మాత్రమే.

గురువుల యనుమతితో ఒకప్పుడు గుడి పుస్తకములు చూచితిని. పాతవి లత్తీనులో నున్నవి. జ్ఞానస్నానముల పుస్తకమున ఏడు చోట్ల తల్లిగా, మరణముల పుస్తకమున మూడు చోట్ల మృతశిశువు తల్లిగా అవ్వ పేరున్నది. ఆమె వృత్తిని గూర్చి యొక్క మాటయు లేదు. వృత్తి యను గడిలో మా తాత పేరునకెదుట బండివాడని యున్నది. ఆ యింటిలో బండికంటె ఎక్కువ దూరము నడచినది ఆమె సూదిపుల్లయే యని నాకు తోచెను.

వృద్ధాప్యమున ఆమె పని తనంతట తాను తగ్గిపోయెను. 1900 తరువాత ఎవ్వరికిని కనబడక నశించినదని పండితులు తలచిన కలివికోడి 1986లో మా లంకమల ప్రాంతపు పొదలలో తిరిగి కనబడెను. 1988లో లంకమల అభయారణ్యమాయెను. ఈ వార్త చదివి వినిపించగా అవ్వ, "పోయిందని ఎవరన్నారు? వెదకలేదు, అంతే" అని యూరకుండెను. అభయారణ్యమైన పిమ్మట ఆకు దొరకుట కష్టమాయెను. అంతలో కాగితపు పళ్ళెములు, ప్లాస్టిక్కు పళ్ళెములు అంగళ్ళలోనికి వచ్చెను. (2022 జులై 1వ తేదీ నుండి ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్కు పళ్ళెములను దేశమంతట నిషేధించిరి. అవ్వ వినియుండినచో ఏమనెడిదో!)

అప్పుల పద్దు చెప్ప మఱచితిని. వసారా గోడమీద బొగ్గుతో గీతలుండెడివి. నిలువుగీత యొక కట్ట. దానిపై అడ్డగీత పడినచో దుడ్డు ముట్టినదని యర్థము. ఎవరి గీతలు ఏ మూలనుండునో ఆమెకొక్కతెకే తెలియును. క్రిస్మసు పండుగకు ఇల్లంతయు సున్నము కొట్టినను ఆ గోడను మాత్రము ముట్టనిచ్చెడిది కాదు. ఆమె మరణించిన తరువాత మూడవనాడు, వసారాలో మేము కూర్చుండి యుండగా, మునుపు చూడని పెద్దమనిషి యొకడు వచ్చి, కూతురి నిఖా నాటి నాలుగు కట్టల బాకీ యున్నదని రూమాలు విప్పి దుడ్డు పెట్టెను. మఱునాడు పూలమ్ము ముసలామె యొకతె అరకట్టకు చెల్లించిపోయెను. ఆ వారములో ఇంకను కొందఱు వచ్చిరి. గోడమీద ఏ గీత యెవరిదో మాకు తెలియదు. వారు చెప్పిన లెక్కకు దుడ్డు పుచ్చుకొని, మా అమ్మ ప్రతివారి పేరను తోచిన చోట ఒక అడ్డగీత గీయుచు వచ్చెను.