లెక్కకు రాని ఏడు శాతం

నెలాఖరున ఇంటి పద్దు రాసేటప్పుడు వందకు ఏడు రూపాయలు తేలకపోతే చాలామంది ‘చిల్లర ఖర్చులు’ అని రాసి పుస్తకం మూసేస్తారు. జర్మనీ రసాయన శాస్త్రవేత్త క్లెమెన్స్ వింక్లర్ అలా మూసెయ్యలేదు. అందుకే ప్రపంచానికి ఓ కొత్త మూలకం దొరికింది.

1885లో శాక్సనీ ప్రాంతంలోని ఫ్రైబర్గ్ దగ్గర ఓ వెండి గనిలో ఎవరూ ఎరగని ఖనిజం బయటపడింది. ఫ్రైబర్గ్ గనుల విద్యాలయంలో ఆచార్యుడైన ఆల్బిన్ వైస్‌బాఖ్ దాన్ని పరీక్షించి, కొత్తదేనని తేల్చి, ‘ఆర్గిరోడైట్’ అని పేరు పెట్టారు. వెండి ఉన్నదని దానికి అర్థం. అందులో ఇంకా ఏమేం ఉన్నాయో తేల్చే పని అక్కడే రసాయన శాస్త్రం బోధించే వింక్లర్ చేతికొచ్చింది.

పద్ధతి తెలిసిందే. ఖనిజాన్ని తూచి, కరిగించి, ఒక్కో మూలకాన్నీ వేరు చేసి మళ్లీ తూచాలి. అన్నీ కూడితే నూరు శాతం రావాలి. వెండి దాదాపు 75 శాతం, గంధకం 17 శాతం పైచిలుకు, ఇనుము, జింకు, పాదరసం పిసరంత. మొత్తం 93! మళ్లీ చేశారు. మళ్లీ అంతే.

ఒక్కసారి తగ్గితే చేతి పొరపాటు అనుకోవచ్చు. ప్రతిసారీ అంతే తగ్గుతుంటే, అక్కడ తెలియనిదేదో ఉన్నట్టే. వింక్లర్ నెలల తరబడి దానికోసమే గాలించారు. చిక్కేమిటంటే, ఆ మూలకం గంధకంతో కలిసి ఏర్పరిచే తెల్లటి పదార్థం నీళ్లలో కరిగిపోతుంది. మామూలుగా కడిగితే ఆ నీళ్లతోపాటే జారిపోతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ధారాళంగా పోస్తే తప్ప అడుగుకు చేరదు. ఆ కిటుకు దొరికాక, తెల్లటి పొడిని హైడ్రోజన్‌లో వేడిచేసి మూలకాన్ని రాబట్టారు. అది 1886 ఫిబ్రవరి 6. సొంత దేశం పేరిట దానికి ‘జెర్మేనియం’ అని పేరు పెట్టారు.

అసలు విశేషం ఆ తర్వాత తెలిసింది. రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ 1871లోనే తన పట్టికలో సిలికాన్ కింద ఓ గడి ఖాళీగా వదిలారు. అందులోకి రావలసిన మూలకానికి మన సంస్కృతంలోని ‘ఏక’ చేర్చి ‘ఏకసిలికాన్’ అన్నారు. దాని పరమాణుభారం 72, సాంద్రత 5.5 ఉంటాయని ఊహించారు. వింక్లర్ కొలిస్తే 72.32, 5.47 వచ్చాయి! కొత్త మూలకం ఆంటిమొనీ దగ్గరి ఖాళీలోదని మొదట వింక్లరే పొరబడ్డారు. కొలతలు చూశాక ఆ సందేహం తీరింది.

1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో తయారైన మొట్టమొదటి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతో చేసిందే. వింక్లర్ దగ్గర గొప్ప యంత్రాలేవీ లేవు. ఉన్నదల్లా ఓ మంచి త్రాసు, అది చెప్పినదాన్ని కాదనని నిజాయతీ.