దిగే చోటు

హైదరాబాదు నుంచి గన్నవరానికి విమానంలో గంట. ఆకాశ మార్గాన సుమారు 260 కిలోమీటర్లు. కానీ నేను వెళ్లాల్సింది తాడేపల్లిగూడెం. గన్నవరంలో దిగాక రోడ్డు మీద ఇంకో 90 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆకాశంలో గడిపినదానికంటే ఆ దారికే ఎక్కువసేపు పడుతుంది. ఎటూ నేల మీదే వెళ్లాలి కనుక, ఏలూరులో ఆగి కొల్లేరు సరస్సు కూడా చూడొచ్చని జనవరిలో బయల్దేరాను.

ఏలూరులో కైకలూరు బస్సెక్కాను. ఊరు దాటిన కాసేపటికే రెండు పక్కలా చేపల చెరువులు మొదలయ్యాయి. సూటిగా కొలిస్తే ఏలూరుకీ కైకలూరుకీ మధ్య ఇరవై కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. అయితే ఆ దూరం ఏటి చేతిలో ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీళ్లు రోడ్డెక్కుతాయి, బస్సులు ఆగిపోతాయి. అప్పుడు పక్క ఊరికైనా చుట్టు తిరిగే పోవాలి. కొల్లేటిలో చేరే ఇన్ని వాగుల నీటికీ సముద్రంలోకి దారి ఉప్పుటేరు ఒక్కటే.

కైకలూరు పక్కనే ఉన్న ఆటపాకలో పడవెక్కాను. అటవీ శాఖ వాళ్లు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు కిక్కిరిసి ఉన్నాయి. అవతల నీళ్ల మీద సూదితోక బాతులు. మధ్య ఆసియా నుంచి దక్షిణానికి వచ్చే పక్షుల దారిలో కొల్లేరు ఒక మజిలీ. ఆ సూదితోక బాతులవి హిమాలయాలు దాటి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన రెక్కలు.

“ఇక్కడే ఎందుకు దిగుతాయండీ?” అని పడవ నడిపే పెద్దాయన్ని అడిగాను.

“లోతు తక్కువండి, మేత అందుద్ది. చెరువు తవ్వేసి గట్టు కట్టేస్తే ఆటికేం పనండీ అక్కడ?”

సూదితోక బాతులు మునిగి వేటాడవు. తల నీట్లోకి వంచి, అడుగున ఉన్న గింజలూ పురుగులూ ఏరుకుంటాయి. లోతైన చేపల చెరువు వాటికి పనికిరాదు. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో సరస్సులోని చెరువుల గట్లు పేల్చేశారు. తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. ఆ కూల్చివేతలో బతుకుతెరువు పోగొట్టుకున్న లంక గ్రామాల బాధ నిజం. పక్షులకు నీడ కరువైందన్నదీ అంతే నిజం.

తిరిగి ఏలూరు వచ్చి రైలెక్కితే గంటలోపే గూడెం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషువాళ్లు వేసిన రన్‌వే ఇక్కడుంది. విమానాలు రాక దశాబ్దాలైంది. పట్టణం దాని చుట్టూ పెరిగిపోయింది. కొత్త విమానాశ్రయాల ప్రతిపాదనల్లో గూడెం పేరూ వినిపించింది కనుక ఇక్కడివాళ్లకు ఆశ ఉంది.

దూరాన్ని కిలోమీటర్లలో, గంటల్లో లెక్కేస్తాం. ఈ ప్రయాణంలో నాకు తెలిసిందేమిటంటే, దూరాన్ని తేల్చేది దిగే చోటు. అది లేకనే గంటలో రావలసిన గూడెం పూట ప్రయాణమైంది. మనకు విమానం దిగే చోటు లేకపోతే రోడ్డుంది, రైలుంది. ఆ బాతులకు మరో దారి లేదు. గూడెంలో విమానం దిగాలని నేనూ కోరుకుంటాను. అంతకంటే ముందు కొల్లేటిలో, ఆ కాంటూరు లోపల, పక్షి దిగేంత పలచటి నీళ్లు మిగలాలి. రన్‌వే ఎప్పుడైనా వేసుకోవచ్చు, సరస్సును వేయలేం.